అరటిపండులో టీకా: ఒలిచి నోట్లో పెట్టినంత తేలికా?

మిత్రబృందాల్లో తిరిగే ఈ-మెయిళ్ళు, వాట్సాప్ సందేశాలు చదివే అలవాటు ఉన్నవారికి ఈ రెండు కబుర్లూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటాయి. ఒకటి: "ఇక పిల్లలకి సూదిమందుల బాధ లేదు, అరటిపండు తినిపిస్తే చాలు, టీకా వేసినట్లే." రెండోది: "సూపర్ మార్కెట్టులో కొనే ఆకుకూరల్లో మనకి తెలియకుండా వ్యాక్సిన్లు కలిపేస్తున్నారు, జాగ్రత్త!" మొదటిది పాతికేళ్ళ పైబడి తిరుగుతోంది. రెండోది 2021 తరవాత పుట్టింది. చిత్రం ఏమిటంటే రెండిటికీ మూలం ఒకే రకం పరిశోధన. మొక్క జన్యువుల్లో చిన్న మార్పు చేసి, దాని చేత టీకా పదార్థాన్ని తయారు చేయించడం. రెండు కబుర్లలోనూ ఆవగింజంత నిజం ఉంది, గుమ్మడికాయంత కల్పన ఉంది.

నేను వృత్తిరీత్యా డేటాబేసుల మనిషిని. జీవశాస్త్రానికి పదో తరగతితోనే దణ్ణం పెట్టేసి ఎం.పి.సి.లో చేరినవాణ్ణి. అయినా ఈ తినే టీకాల కథని చాలా ఏళ్ళుగా వదలకుండా చదువుతున్నాను. కారణం, ఇది మనందరికీ బాగా తెలిసిన కథే. డెమో అద్భుతంగా పనిచేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, తీరా ప్రొడక్షన్ దాకా వచ్చేసరికి అక్కడే ఆగిపోతుంది. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది చూద్దాం. మీలో జీవశాస్త్రం చదువుకున్నవారు ఉంటే నా పోలికలని కాస్త ఓర్చుకోండి.

ఆలోచన ఎక్కడ పుట్టింది

1990లో న్యూయార్కులో ప్రపంచ దేశాల అధినేతలు పిల్లల కోసం ఒక శిఖరాగ్ర సభ జరిపారు. బీద దేశాల పిల్లలకి చవకగా, తేలికగా అందే టీకాలు కావాలన్న పిలుపు ఆ రోజుల్లోనే గట్టిగా వినిపించింది. అప్పట్లో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఉన్న చార్లెస్ ఆర్న్‌ట్‌జెన్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పిలుపు విన్నాడు. తరవాత బ్యాంకాక్ వెళ్ళినప్పుడు, ఏడుస్తున్న పసిబిడ్డని ఒక తల్లి అరటిపండు ముక్క పెట్టి ఊరుకోబెట్టడం ఆయన కంట పడింది. ఆ పండులోనే టీకా ఉంటే? మొక్క ఊళ్ళోనే పెరుగుతుంది, పండు ఊళ్ళోనే పండుతుంది. సూది అక్కరలేదు, డాక్టరు అక్కరలేదు, ఫ్రిజ్ అక్కరలేదు.

ఆ ఫ్రిజ్ సంగతి తక్కువది కాదు. చాలా టీకాలని ఫ్యాక్టరీ గుమ్మం నుంచి బిడ్డ భుజం దాకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంచాలి. విమానం, లారీ, జిల్లా కేంద్రంలో ఫ్రీజరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్, అక్కడినుంచి నర్సమ్మ భుజాన వేసుకుని నడిచే ఐసు పెట్టె. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మందు పాడవుతుంది, పైగా పాడైనట్టు చూడగానే తెలియదు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళలో పెరిగిన మనకి దీని కష్టం విడమర్చి చెప్పనక్కరలేదు.

మొక్క చేత కోడ్ రాయించడం

టీకా అంటే రోగక్రిమి ఆనవాలుని శరీరానికి ముందుగా చూపించడం. దానికి మొత్తం క్రిమి అవసరం లేదు, దాని ఒంటి మీది ఒక ప్రోటీను చాలు. హెపటైటిస్-బి టీకా ఇలాంటిదే. ఆ వైరస్ పైపొరలో ఉండే ప్రోటీనుకి సంబంధించిన జన్యువుని ఈస్టు కణాల్లోకి ఎక్కిస్తే, ఈస్టు ఆ ప్రోటీనుని తయారు చేసి పెడుతుంది. ఈ పద్ధతిలో చేసిన టీకా అమెరికాలో 1986లో అందుబాటులోకి వచ్చింది. మన హైదరాబాదులో వరప్రసాద రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వాక్-బి కూడా ఈస్టు చేసిపెట్టిన ప్రోటీనే.

ఈస్టుకి నేర్పగలిగినప్పుడు మొక్కకి ఎందుకు నేర్పకూడదు? ఈస్టుకి స్టీలు ట్యాంకులు కావాలి, శుభ్రమైన గదులు కావాలి, పెరగడానికి మేత కావాలి. మొక్కకి ఎండ, నీరు, మట్టి చాలు.

నేర్పడానికి ఒక దొంగ సాయం తీసుకున్నారు. ఆగ్రోబాక్టీరియం అని మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి. మొక్క మొదట్లో గాయం ఉంటే అందులోంచి చొరబడి, తన డి.ఎన్.ఏ.లో ఒక ముక్కని మొక్క కణంలోకి పంపుతుంది. ఆ ముక్క వెళ్ళి మొక్క సొంత డి.ఎన్.ఏ.లో అతుక్కుపోతుంది. అక్కడినుంచి ఆ కణం ఈ సూక్ష్మజీవికి ఊడిగం మొదలుపెడుతుంది. విపరీతంగా విభజన చెంది బుడిపెలా ఉబ్బుతుంది, ఆ సూక్ష్మజీవి తినే ప్రత్యేకమైన పదార్థాలని వండి పెడుతుంది. మన భాషలో చెప్పాలంటే అచ్చమైన మాల్‌వేర్. డి.ఎన్.ఏ. ముక్క ఇలా మొక్కలోకి చేరుతోందని 1977లో మేరీ-డెల్ చిల్టన్ బృందం నిరూపించింది. తరవాత శాస్త్రవేత్తలు చేసిన పని తెలివైనది: ఇన్‌స్టాలర్‌ని అలాగే ఉంచి, లోపలి పేలోడ్‌ని మాత్రం మార్చేశారు. బుడిపె తెప్పించే జన్యువులు తీసేసి, ఆ చోట తమకి కావలసిన జన్యువుని పెట్టారు.

జన్యువుని ఒక్కదాన్నే పెడితే చాలదు. దానికి ముందు ప్రమోటరు అనే మీట ఒకటి తగిలించాలి. ఆ జన్యువు మొక్కలో ఏ భాగంలో, ఎప్పుడు, ఎంత జోరుగా పనిచేయాలో ఈ మీట చెబుతుంది. కాలీఫ్లవరుకి తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసిన మీట మొక్క అంతటా పనిచేస్తుంది. బంగాళాదుంపలో దుంపలోనే పనిచేసేవి, టమాటాలో పండు పక్వానికి వచ్చేటప్పుడే పనిచేసేవి వేరే ఉన్నాయి. జన్యువు చివర "ఇక్కడితో ఆపు" అనే గుర్తు కూడా ఉండాలి, మనం బ్రాకెట్ మూసినట్లు.

ఇంతా చేస్తే లక్షల కణాల్లో కొన్నిటిలోనే ఈ ఇన్‌స్టలేషన్ జరుగుతుంది. వాటిని ఏరడానికి, అసలు జన్యువుతో పాటు ఒక యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువుని కూడా జతచేసి పంపుతారు. ఆపైన అన్ని కణాలనీ ఆ యాంటీబయాటిక్ ఉన్న పళ్ళెంలో పెంచుతారు. జన్యువు అందినవి బతుకుతాయి, మిగతావి చస్తాయి. బతికిన కణం నుంచి వేరు, కాండం, ఆకు అన్నీ ఉన్న పూర్తి మొక్కని పెంచవచ్చు. ఆకు ముక్కనుంచి మొక్క మొలిపించే ఈ విద్య జంతువులతో సాగదు.

ఒక్క చిక్కుంది. కొత్త జన్యువు మొక్క డి.ఎన్.ఏ.లో ఎక్కడ పడుతుందో మన చేతుల్లో లేదు. పడిన చోటుని బట్టి ఒక మొక్క ప్రోటీనుని దండిగా చేస్తుంది, పక్క మొక్క చిటికెడు చేస్తుంది. వంద మొక్కలు పెంచితే వందా వంద రకాలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

1992లో ఆర్న్‌ట్‌జెన్, హ్యూ మేసన్, డొమినిక్ లామ్ కలిసి హెపటైటిస్-బి పైపొర ప్రోటీనుని పొగాకు మొక్క చేత చేయించారు. పొగాకే ఎందుకంటే ప్రయోగశాలలో అంత తేలికగా మాట వినే మొక్క ఇంకోటి లేదు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకి అన్నం పెట్టిన పంటే, కాకపోతే తినేది కాదు. తినడానికి బంగాళాదుంపకి మారారు.

పచ్చి బంగాళాదుంప తిన్నవాళ్ళు

1995లో ఎలుకలకి పెట్టారు. ఇ.కోలై అనే సూక్ష్మజీవిలో ఒక రకం విరోచనాలు తెప్పించే విషాన్ని వదులుతుంది. ప్రయాణాలు చేసేవారికి పట్టుకునే విరోచనాలకి, బీద దేశాల పిల్లల విరోచనాలకి అది ఒక పెద్ద కారణం. ఆ విషంలో హాని చేయని సగభాగం ఒకటి ఉంది. దాన్ని బంగాళాదుంప చేత చేయించి ఎలుకలకి పెడితే వాటిలో యాంటీబాడీలు పుట్టాయి.

మనుషుల మీద ప్రయోగం ఫలితాలు 1998లో వచ్చాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో క్యారల్ టాకెట్ నడిపిన పరీక్ష అది. వచ్చిన వాలంటీర్లు 14 మంది. 11 మంది టీకా దుంప తిన్నారు, ముగ్గురు మామూలు దుంప తిన్నారు. మోతాదు 50 లేదా 100 గ్రాములు, చెక్కు తీసి ముక్కలు కోసి, పచ్చిగానే. టీకా తిన్న 11 మందిలో 10 మంది రక్తంలో యాంటీబాడీలు నాలుగు రెట్లు, అంతకన్నా ఎక్కువ పెరిగాయి. చరిత్రలో తొలిసారిగా ఒక మొక్కని తిని మనుషులు టీకా ఫలితం పొందారు.

పచ్చిగా ఎందుకంటే, వండితే ప్రోటీను రూపు చెడుతుంది. కాలిఫోర్నియాలో లోమా లిండా విశ్వవిద్యాలయంలో విలియమ్ లాంగ్రిడ్జ్ బృందం కలరా ప్రోటీను ఉన్న దుంపల్ని మెత్తబడే దాకా ఉడికించి చూస్తే సుమారు సగం నిలిచింది. కానీ అన్ని ప్రోటీనులూ అంత గట్టివి కావు. నేను కుతూహలం కొద్దీ ఒక ఆదివారం వంటింటి త్రాసులో 50 గ్రాముల పచ్చి దుంప తూచి, చెక్కు తీసి నమిలి చూశాను. సగంలో ఆపేశాను. ఉప్పూ కారం చల్లినా ఇంకో ముక్క మింగుడు పడలేదు. మా ఆవిడ "వేపుడు చేసి పెడితే వంద గ్రాములు ఒక ముద్దలో పోయేవి" అంది. ఆ మాటలో చాలా విజ్ఞానం ఉంది. బిడ్డకి పెట్టాల్సిన మందుకి బంగాళాదుంప తగదని శాస్త్రవేత్తలకీ తెలుసు. ఆలోచన పనిచేస్తుందా లేదా తేల్చుకోవడానికి అది చాలు, అంతే.

2000లో వాంతులు, విరోచనాలు తెచ్చే నార్వాక్ వైరస్ ప్రోటీను ఉన్న దుంపని 20 మందికి పెడితే 19 మందిలో ఏదో ఒక స్పందన కనిపించింది, రక్తంలో మాత్రం అంతంత మాత్రమే. 2005లో బఫలోలోని రాస్వెల్ పార్కు కేన్సరు సంస్థలో యాస్మిన్ థానావాలా బృందం హెపటైటిస్-బి దుంపల ఫలితాలు ప్రకటించింది. మూడు మోతాదులు తిన్న 16 మందిలో 10 మందికి యాంటీబాడీలు పెరిగాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. వీళ్ళంతా అంతకుముందు సూది టీకా వేయించుకున్నవారే. అంటే ఇది పాత పాఠాన్ని మళ్ళీ గుర్తు చేయడమే కాని, కొత్తగా పాఠం చెప్పడం కాదు.

అసలు లెక్క

ఇప్పుడు మనకి ఇష్టమైన పని, లెక్కలు వేద్దాం. హెపటైటిస్-బి సూది టీకాలో పెద్దవాళ్ళకి ఇచ్చే ప్రోటీను 10 నుంచి 20 మైక్రోగ్రాములు. బఫలో పరీక్షలో ఒక్కొక్క విడతలో తిన్న దుంపలో ఉన్నది సుమారు 850 మైక్రోగ్రాములు. నలభై రెట్ల పైమాటే. అంత తిన్నా అందరిలోనూ ఫలితం రాలేదు. కడుపులో ఆమ్లం, పేగుల్లో ఎంజైములు ఉన్నదే ప్రోటీనులని ముక్కలు చేయడానికి. అవి టీకా ప్రోటీనుకి మినహాయింపు ఇవ్వవు.

ఇక ఆర్న్‌ట్‌జెన్ కలగన్న అరటికి వద్దాం. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు అరటి మొక్కలో ఇదే హెపటైటిస్-బి ప్రోటీనుని చేయించి 2005లో ప్రకటించారు. మంచి పని, కష్టమైన పని. అరటిలోకి జన్యువు ఎక్కించడం పొగాకంత సులువు కాదు. వారికి దొరికిన అత్యధిక మోతాదు, ఆకులో, గ్రాముకి 38 నానోగ్రాములు. ఇప్పుడు గుణించి చూడండి. బఫలో దుంపకి సరిసమానమైన మోతాదు కావాలంటే సుమారు 22 కిలోల ఆకు కావాలి. అరటి ఆకులో భోజనం చేయడం మనకి అలవాటే కాని, ఆకునే బస్తాడు తినడం పశువుకి కూడా ఒక పూటలో అయ్యే పని కాదు.

పరిశోధన ముందుకెళితే ఈ అంకె పెరుగుతుందని మీరు అనవచ్చు. పెరుగుతుంది, వేరే మొక్కల్లో పెరిగింది కూడా. కణం కేంద్రకంలో కాకుండా క్లోరోప్లాస్టుల్లో జన్యువుని పెడితే, ఒక కణంలో వేల ప్రతులు ఉంటాయి కనుక దిగుబడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్న హెన్రీ డేనియల్ ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని అదే. నా దృష్టిలో పెద్ద చిక్కు తక్కువ మోతాదు కాదు, మోతాదు తెలియకపోవడం.

ఒకే చెట్టు పళ్ళలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఒకటి దోర, ఒకటి మిగలపండినది. ఎండ బాగా తగిలిన గెలలో ఒక మోతాదు, నీడన పెరిగిన గెలలో ఇంకో మోతాదు. ఇందాక చెప్పాను, జన్యువు పడిన చోటుని బట్టి మొక్క మొక్కకీ తేడా అని. ఆపైన పసివాడు పండు సగం తిని సగం నేలకేసి కొట్టవచ్చు. అప్పుడు టీకా పడినట్టా, పడనట్టా? మందుకి మొదటి లక్షణం కొలత. తిండికి కొలత లేకపోవడమే సుఖం. అమ్మ అన్నం కలిపి పెట్టేటప్పుడు మిల్లీగ్రాములు చూడదు. ఈ రెండిటినీ ఒకే పండులో ఇమడ్చడం కుదరలేదు.

తక్కువ పడితే టీకా పనిచేయదు, అంతేగా అనుకోకండి. నోటి ద్వారా లోపలికి వెళ్ళే ప్రతి పరాయి ప్రోటీను మీదా శరీరం యుద్ధం ప్రకటిస్తే మనం పప్పన్నం కూడా తినలేం. అందుకని పేగుల దగ్గర ఉన్న రక్షణ వ్యవస్థ, తరచుగా కనిపించే ప్రోటీనులని "మనవాడే" అని వదిలేయడం నేర్చుకుంటుంది. లాంగ్రిడ్జ్ బృందమే దీన్ని 1998లో మరోవైపు నుంచి వాడి చూపించింది. ఇన్సులిన్‌ని కలరా ప్రోటీనుతో జతచేసి దుంపలో పెట్టి, మధుమేహం రాబోయే జాతి ఎలుకలకి తినిపిస్తే, సొంత ఇన్సులిన్ కణాల మీద వాటి శరీరం చేసే దాడి తగ్గింది. అంటే అదే దుంప, అదే నోరు. ఒక ప్రోటీనుతో పెడితే శరీరం కత్తి నూరుతుంది, ఇంకో ప్రోటీనుతో పెడితే కత్తి కింద పెడుతుంది. పెరట్లో టీకా అరటిచెట్టు పెట్టుకుని రోజుకో పండు తింటే ఏ ఫలితం వస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు? ఆర్న్‌ట్‌జెన్ కూడా ఈ సంగతులు గ్రహించి అరటిని పక్కన పెట్టి, టమాటాని ఎండబెట్టి పొడి చేసి కొలిచి ఇచ్చే మార్గానికి మళ్ళాడు.

గట్టు దాటితే

ఇంకో కథ నెబ్రాస్కాలో జరిగింది. ప్రోడీజీన్ అనే టెక్సస్ కంపెనీ మొక్కజొన్నలో మందు ప్రోటీనులు పండించేది. 2001లో ఒక చేలో ఆ పంట వేశారు. మరుసటి ఏడు అదే చేలో సోయా వేస్తే, రాలిన గింజలు మొలిచి సోయాలో కలిసిపోయాయి. ఆ సోయా వెళ్ళి గిడ్డంగిలో ఐదు లక్షల బుషెళ్ళ రాశిలో పడింది. 2002 చివర్లో ప్రభుత్వం మొత్తం రాశిని నాశనం చేయించింది, కంపెనీకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది, ఖర్చులన్నీ కలిపి సుమారు ముప్పై లక్షల డాలర్లు అయ్యాయి. ఎవరికీ జబ్బు చేయలేదు. అయినా తిండిగింజలో మందు పండించడం అంటే ఆహార కంపెనీలు హడలిపోవడం అప్పటినుంచే. టెస్టు డేటా పొరపాటున ప్రొడక్షన్ టేబుల్లోకి వెళితే మనం ఒక డిలీట్ స్టేట్‌మెంట్ రాస్తాం. గాలికి ఎగిరే పుప్పొడికి రోల్‌బ్యాక్ లేదు.

ఆకుకూరల కబురుకి మూలం కూడా ఇక్కడ చెప్పేస్తాను. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలో కొందరు, లెట్యూస్, పాలకూర లాంటి మొక్కల్లో ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా తయారు చేయించవచ్చా అని చూడడానికి ఐదు లక్షల డాలర్ల ప్రభుత్వ నిధి సంపాదించారు. "చేయవచ్చా" అన్న ప్రశ్నకే నిధి, అమ్మడానికి కాదు. ఆ వార్త చేతులు మారుతూ మారుతూ "అమ్మేస్తున్నారు"గా మారింది. 2024లో టెన్నెసీ రాష్ట్రం, టీకా ఉన్న ఆహారాన్ని మందుగానే లెక్కించాలని చట్టం కూడా చేసింది. అంగట్లో లేని సరుకుకి చట్టమేమిటని కొందరు నవ్వారు. నాకైతే అందులో తప్పు కనబడదు. మందుని మందు అనే పిలవాలి, కొలిచే ఇవ్వాలి.

మొక్క నిలిచింది, పండు పోయింది

ఇంత చెప్పాక, మొక్కలో మందు చేయడం అనే ఆలోచనే వృథా అనుకోకండి. తినడం అనే మాట తీసేస్తే మిగిలినదంతా పనికొచ్చింది. ప్రోటాలిక్స్ అనే ఇజ్రాయిల్ కంపెనీ క్యారెట్ కణాలని ప్లాస్టిక్ సంచుల్లో పెంచి, గాషే అనే అరుదైన జబ్బుకి చేసిన మందుని అమెరికా ఎఫ్.డి.ఏ. 2012లో ఆమోదించింది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగినప్పుడు ఇద్దరు అమెరికన్ సేవకులకి ఇచ్చిన జీమాప్, పొగాకు బంధువైన ఒక మొక్క ఆకుల్లో తయారైనదే. తరవాత కాంగోలో జరిగిన పరీక్షలో దానికంటే మంచి మందులు తేలాయి, అది వేరే సంగతి. అదే మొక్కతో కెనడాలోని మెడికాగో కంపెనీ చేసిన కోవిఫెంజ్ అనే కోవిడ్ టీకాని 2022 ఫిబ్రవరిలో కెనడా ఆమోదించింది. మొక్కల్లో తయారై మనుషులకి అనుమతి పొందిన మొదటి టీకా అది. సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్‌కి వాటా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పక్కన పెట్టింది. 2023లో యజమాని అయిన మిత్సుబిషి కంపెనీనే మూసేసింది. వీటిలో ఏదీ తినేది కాదు, అన్నీ సూదితోనే ఇచ్చేవి.

పశువుల సంగతి నాకు ఇంకా ఆశగా కనబడుతుంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తాలూకు ప్రోటీనుని వేరుశనగ మొక్కలో చేయించి, ఆ ఆకులు పశువులకి మేపితే యాంటీబాడీలు వచ్చాయని 2003లో ప్రకటించారు. కాయ మనకి, తీగ పశువుకి అని అనంతపురం రైతుకి ఎవరూ చెప్పనక్కరలేదు, ఎన్నో తరాలుగా జరుగుతున్నదే. కాకపోతే రిండర్‌పెస్ట్ ఈలోగా మామూలు టీకాలతోనే భూమ్మీదనుంచి పూర్తిగా పోయింది. 2011లో ఆ మాట అధికారికంగా ప్రకటించారు.

తిండిలో టీకా పెట్టాలన్న పట్టుదల వదలనివారు జపానులో ఉన్నారు. టోక్యో విశ్వవిద్యాలయంలో హిరోషి కియోనో బృందం బియ్యంలో కలరా ప్రోటీను పండించింది. పొలంలో కాదు, నాలుగు గోడల మధ్య, నీళ్ళలో. బియ్యపు గింజలో ప్రోటీనులు దాచుకునే చిన్న చిన్న సంచులు ఉంటాయి. అందులో టీకా ప్రోటీను చేరితే కడుపులో ఆమ్లం దాన్ని తొందరగా చెరపలేదు, గది వేడిలో ఏడాది దాటినా చెడలేదు. గింజని పిండి చేసి, తూచి, నీళ్ళలో కలిపి తాగిస్తారు. అన్నం వండుకోవడం కాదన్నమాట. 60 మంది ఆరోగ్యవంతులైన మగవారి మీద జరిగిన తొలి దశ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. హాని ఏమీ కనబడలేదు, చాలామందిలో యాంటీబాడీలు పెరిగాయి. కొందరిలో పెరగలేదు. తేడా ఎక్కడుందని వెతికితే వాళ్ళ పేగుల్లో నివసించే సూక్ష్మజీవుల రకాల్లో తేడా కనబడింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసేది ఈ చివరి ఫలితమే. నోటి టీకాలు బీద దేశాల పిల్లల్లో తక్కువగా పనిచేయడం కొత్త సంగతి కాదు. పోలియో చుక్కలు మన పిల్లల్లో అనుకున్నంతగా పట్టడం లేదని వెల్లూరులో డాక్టర్ జేకబ్ జాన్ 1970లలోనే చెప్పారు. హైదరాబాదు భారత్ బయోటెక్ ఒక డాలరు ధరకి ఇస్తామని ప్రకటించి తెచ్చిన రోటావాక్ చుక్కలు 2016లో జాతీయ కార్యక్రమంలో చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తినే టీకాలు ఏ విరోచనాలని ఆపాలని బయలుదేరాయో, అలాంటి జబ్బుకే ఆ చుక్కలు. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో జరిగిన పెద్ద పరీక్షలో అవి మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ విరోచనాలని సుమారు 56 శాతం ఆపాయి. బోలెడు ప్రాణాలు నిలిపే అంకె అది, అందులో సందేహం లేదు. కానీ సంపన్న దేశాల్లో రోటావైరస్ చుక్కలకి వచ్చే అంకెలు 85 శాతం పైనే ఉంటాయి.

కారణాలు ఒక్కటి కాదు. తల్లిపాలలో ఉండే యాంటీబాడీలు, పుట్టినప్పటినుంచి పేగుల్లో చేరే రకరకాల క్రిములు, పోషకాహార లోపం, మాటిమాటికీ వచ్చే విరోచనాల వల్ల దెబ్బతిన్న పేగు గోడలు. బ్యాంకాక్ తల్లి చేతిలోని పండు ఏ పిల్లల కోసం ఊహించినదో, ఆ పిల్లల పేగులే నోటి టీకాని అందుకోవడంలో వెనకబడి ఉన్నాయి. టోక్యో బియ్యం పిండిని ఆరోగ్యవంతులైన జపాను యువకులు తాగారు. అదే పిండిని మన పల్లెల్లో రెండేళ్ళ పిల్లలకి తాగించినప్పుడు వచ్చే అంకె కోసం నేను ఎదురుచూస్తున్నాను.